కారు టైము

మా ఇంట్లో రెండు రకాల టైములుండేవి. ఒకటి లోకమంతా వాడుకునేది. రెండోది కారు టైము.

కారులో రేడియోకి కాస్త పైన, ఆకుపచ్చ అంకెలతో వెలిగే చిన్న గడియారం ఒకటుంది. మా ఆవిడ దాన్ని కావాలనే ముందుకి జరిపి పెట్టింది. కారణం నేనే. ఎక్కడికీ వేళకి చేరిన మనిషిని కాను. కాలేజీలో ఫిజిక్స్ లాబ్ చూసుకునే ఉద్యోగం నాది. సెకనులో వెయ్యో వంతు కొలిచే పరికరాలు నా చేతిలో ఉండేవి కానీ, బయల్దేరే వేళ మాత్రం ఏనాడూ నా చేతిలో లేదు. చెప్పులు వేసుకున్నాక కళ్ళజోడు గుర్తొచ్చేది. కళ్ళజోడు దొరికాక గ్యాస్ కట్టేశానా లేదా అని అనుమానం వచ్చేది. ఆవిడ కారులో కూర్చుని హారన్ కొట్టేది. కొట్టీ కొట్టీ విసుగొచ్చి, ఒకరోజు గడియారాన్నే ముందుకి నెట్టేసింది.

"ఎంత పెట్టావు?" అనడిగాను.

"చెప్పను. చెబితే అంతా తీసేసి లెక్కేసుకుంటారు. కారెక్కే ముందు ఆ చేతి గడియారం కూడా ఇంట్లో పెట్టి రండి."

"నిజం టైము తెలుసుకునే హక్కు నాకు లేదా?"

"ఎందుకు లేదు? మీరు వేళకి తయారైన రోజున చెబుతాను."

ఆ రోజు రాలేదు. నేను చెబుతున్న ఎండాకాలం నాటికి ఆవిడ పోయి పద్నాలుగు నెలలు.

ఆ వేసవి మొదట్లోనే ఒక ఉదయం, రేడియోలో వార్తల ముందు వేళ చెప్పే గంట మోగుతుంటే, ఊరికే గడియారం వైపు చూశాను. పదకొండు నిమిషాలు ముందుంది. అన్నేళ్ళ రహస్యం అంత తేలిగ్గా తెలిసిపోయింది. మరి పది కాకుండా పదకొండెందుకు? పది పెడితే కనిపెట్టేస్తానని ఒకటి కలిపిందేమో. కళ్ళజోడు వెతుక్కోవడానికి నాకు పట్టే సమయం ఎప్పుడైనా కొలిచి చూసిందేమో. మా పెళ్ళి జరిగింది పదకొండో తేదీన. ఎర్రదీపం దగ్గర కారు ఆగినప్పుడల్లా ఆ పదకొండుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకునేవాణ్ణి. అదో కాలక్షేపం. ఆవిడతో ఇంకా ఏదో మాట మిగిలి ఉన్నట్టుండేది.

ఆవిడ బట్టలు ఎవరెవరికో వెళ్ళిపోయాయి. ఆవిడ కుట్టిన దిండు గలీబులు చిరిగిపోయాయి. ఆవిడ వేలితో నొక్కి వదిలినవాటిలో ఇంకా నడుస్తున్నది ఆ ఇంట్లో ఆ గడియారం ఒక్కటే.

* * *

ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తగారూ. కూతురు పోయాక ఆవిడ ఎక్కడికీ వెళ్తాననలేదు, వెళ్ళమని నేనూ అనలేదు. ఎనభై దాటిన మనిషి. కిడ్నీలు రెండూ పని మానేశాయి. మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. ఆసుపత్రికి కారులో నలభై నిమిషాలు.

ఆ జబ్బులో మనిషిని సతాయించేది నొప్పి కాదు, దాహం. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు కాబట్టి రోజుకి ముప్పావు లీటరు మించకూడదన్నారు. టీ, మజ్జిగ, మాత్రల నీళ్ళు, అన్నీ అందులోనే. రోజూ ఉదయం నేను లాబ్ నుంచి తెచ్చుకున్న కొలత గ్లాసుతో కొలిచి, స్టీలు ఫ్లాస్కులో పోసి, అందులోనే నాలుగు మంచుముక్కలు వేసి ఇచ్చేవాణ్ణి. ఫ్లాస్కు ఆవిడ చంకలో ఉండేది, చంటిపిల్లలాగా.

"అల్లుడుగారూ, నిన్న కలలో చెంబెడు నీళ్ళు ఎత్తి గటగటా తాగేస్తున్నాను," అంది ఒకరోజు.

"మంచి కలే కదండీ అత్తయ్యగారూ."

"ఏం మంచి? సగంలో మీరొచ్చి ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. కలలో కూడానా?"

కారులో చల్లగాలి ఉన్నన్నాళ్ళూ ఆ ప్రయాణం ఆవిడకి విశ్రాంతి. ఎక్కి కూర్చుని, గాలి వచ్చే గడులు మొహం వైపు తిప్పుకుని, కళ్ళు మూసుకునేది. ఫ్లాస్కు మూత తీసేది కాదు. ఎండలు ముదిరాక ఆ గాలి మొరాయించడం మొదలెట్టింది. మొదట ఫ్యాను ఒక్క పై స్పీడులోనే తిరిగేది, హోరుమంటూ. తర్వాత తనకి తోచినప్పుడు తిరిగేది. ఒక శనివారం దారి మధ్యలో కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఫ్యాను ఆగిపోయింది. అద్దాలు దించితే పొయ్యి నోరు తెరిచినట్టు గాలి.

ఆసుపత్రికి చేరేసరికి ఫ్లాస్కు ఖాళీ. ఇంకా మధ్యాహ్నం కూడా కాలేదు.

"టాక్సీ మాట్లాడతానండీ, బాగయ్యేదాకా," అన్నాను.

"అమ్మాయి కారు ఉండగా పరాయి కారు ఎందుకు?" అంది. టాక్సీ మాట అక్కడితో వదిలేశాను. వదలకుండా ఉండాల్సింది.

* * *

కార్ల కరెంటు పని చేసేవాడు మా కాలేజీలో చదివినవాడే. చదివాడనడం వాడికే ఇష్టం ఉండదు. తల నెరిసింది, నడుము లావెక్కింది, నన్ను చూస్తే ఇప్పటికీ చేతిలో సిగరెట్టు కింద పడేస్తాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకున్నట్టు టెస్టరు పెట్టుకుంటాడు. అందుకని అందరూ వాణ్ణి టెస్టరనే పిలుస్తారు.

కారు ముందు సీటు ఎదుటి అర కిందికి తల దూర్చి వాసన చూసి, బయటికొచ్చాడు.

"రెసిస్టరు కాలింది సార్. ఫ్యానుకి ఎంత కరెంటు వెళ్ళాలో అది చూస్తుంది. చిన్న ముక్క. కాకపోతే లైను చూస్తున్నారుగా." షాపు ముందు పదకొండు కార్లు ఎండలో నిలబడి ఉన్నాయి, అన్నీ చల్లగాలి రోగులే. "వదిలేసి వెళ్ళండి, శుక్రవారానికి ఇస్తాను."

"మధ్యలో మంగళవారం, గురువారం ఉన్నాయి కదరా."

వాడికి మా అత్తగారి సంగతి తెలుసు. గడ్డం గోక్కున్నాడు.

"అయితే మీరే మార్చుకోండి సార్. రెండు స్క్రూలు, ఒక సాకెట్. ముక్క నేనిస్తా." అట్టపెట్టె మూత ఒకటి చింపి, దాని మీద పెన్సిలుతో రాస్తూ చెప్పాడు. "బానెట్ ఎత్తి బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యండి. పది నంబరు స్పానరు. తీసిన వైరుకి గుడ్డ చుట్టండి, మళ్ళీ వెళ్ళి తగలకుండా. పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ఆ తర్వాత ముందు సీటు ఎదురుగా ఉన్న అర ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వేలాడుతుంది. దాని వెనక కనిపిస్తుంది సాకెట్. దాని మీది ప్లాస్టిక్ నాలుక నొక్కి, సాకెట్టు పట్టుకుని లాగండి. వైర్లు పట్టుకుని లాగకండి. రెండు స్క్రూలూ తీస్తే ముక్క చేతిలోకొస్తుంది. కొత్తది పెట్టి, అన్నీ అయ్యాక చివర్న బ్యాటరీ."

"కారు తాళంచెవి తీసేసి ఉంచితే చాలదా? బ్యాటరీ దాకా ఎందుకు?"

వాడు పెన్సిలు ఆపి నా మొహంలోకి చూశాడు.

"సార్, అడుగుతున్నది మీరేనా?"

"ఊరికే అడిగాను."

"లాబ్ తలుపు మీద ఎర్ర పెయింటుతో ఏం రాయించారు మీరు?"

నేను జేబులో కళ్ళజోడు వెతుక్కున్నాను.

"నేను చెప్పనా? 'ముందు కరెంటు తీయి, తర్వాత చెయ్యి పెట్టు.' నా చేత వందసార్లు రాయించారు. ఫిజిక్స్ మొత్తంలో నాకొచ్చిన ముక్క అదొక్కటే. ఇవాళ్టికీ దాంతోనే బతుకుతున్నా." పక్కనున్న కారు డ్రైవరు నవ్వాడు. టెస్టరు గొంతు తగ్గించాడు. "అరకి పైన గాలిసంచి ఉంటుంది సార్, గుద్దుకుంటే ఉబ్బేది. బ్యాటరీ తీసినా కాసేపు దాని దగ్గర కరెంటు మిగిలి ఉంటుంది. అందుకే పది నిమిషాలు. పైగా మీ కారులో ఇదివరకు ఎవడో చెయ్యి పెట్టాడు, వైర్లకి టేపు చుట్టి ఉంది. ఏ వైరు ఎక్కణ్ణించి వస్తోందో తీసి చూస్తే గానీ నమ్మలేం. తాళం తీస్తే అన్నీ చస్తాయనుకోకండి."

"బ్యాటరీ తీస్తే గడియారం..."

"ఆగిపోతుంది. మళ్ళీ పెట్టుకోవచ్చు, అర నిమిషం పని."

"వేరే చిన్న బ్యాటరీ ఏదైనా తగిలించి ఉంచితే?"

"అప్పుడిక కరెంటు తీసినట్టెలా అవుతుంది సార్?"

ముక్కని కాగితంలో చుట్టి, అట్టముక్కతో సహా నా చేతిలో పెట్టాడు. తమలపాకంత లేదు. ఒక తెల్ల పలక, దాని మీద మూడు తీగచుట్టలు. మా లాబులో అలాంటివి డబ్బాలకి డబ్బాలు ఉండేవి.

* * *

ఆ పొట్లం వంటింటి అలమరలో రెండు వారాలు కూర్చుంది.

ఇవాళ ఎండగా ఉంది, సాయంత్రం చూద్దాం అనుకునేవాణ్ణి. సాయంత్రం వెలుగు చాలడం లేదనుకునేవాణ్ణి. పది నంబరు స్పానరు కనిపించడం లేదని ఒక పూట వెతికాను. అది నా ఎదురుగానే మేకుకి వేలాడుతోంది.

అత్తగారు ఒక్కమాట అడగలేదు. తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని కారెక్కేది. దారిలో అది ఎండిపోయేది. పెదాలు ఎండిపోయేవి. ఫ్లాస్కు మూత తీసేది, పెట్టేది, తీసేది. ఒకరోజు మాట్లాడబోతే నాలుక అంగిలికి అతుక్కుపోయి మాట రాలేదు. ఆ చప్పుడు నేను భరించలేక కారు పక్కకి ఆపి, నా సీసాలో నీళ్ళు నేనే ఇచ్చాను. ఆవిడ నా వైపు చూసి, రెండు చేతులతో పట్టుకుని తాగింది. ఆ తర్వాతి ప్రయాణంలోనూ ఇచ్చాను.

శనివారం ఆసుపత్రిలో బరువు చూసే సిస్టరు ముల్లు వంక రెండుసార్లు చూసింది.

"మామ్మగారూ, మొన్నటికీ ఇవాళ్టికీ మూడు కిలోలు పెరిగారు. అంతా నీళ్ళే. ఏంటి సంగతి?"

"దొంగతనంగా తాగానమ్మా," అంది అత్తగారు, వెంటనే. "మా అల్లుడు పాపం చూడలేదు."

సిస్టరు నన్ను బయటికి పిలిచింది. "మీరు చదువుకున్నవాళ్ళు, మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంత నీరు ఇంకో రెండుసార్లు చేరిందంటే గుండె తట్టుకోదు. ఎండలో అంత దూరం అలా తీసుకురాకండి. కారుకి ఏసీ లేదా?"

"ఉంది," అన్నాను. "చిన్న పని ఉంది దానికి."

తిరిగొస్తుంటే అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "ఆవిడ మిమ్మల్నేమైనా అందా?"

"లేదండీ. మీరెందుకు అబద్ధం చెప్పారు?"

"తాగింది నేనేగా. అబద్ధమెలా అవుతుంది?" ఫ్లాస్కు ఒళ్ళో సర్దుకుని, "ఆ గాలి సంగతి మీకు వీలైనప్పుడే చూడండి. నాకేం తొందర లేదు," అంది.

ఆవిడకి తప్ప ఇంకెవరికి తొందర ఉండాలి! గడియారం నాలుగూ పది చూపిస్తోంది. నాలుగు కావడానికి ఇంకా ఒక్క నిమిషం ఉందని నాకొక్కడికే తెలుసు అనుకున్నాను.

* * *

ఆదివారం ఉదయం పని మొదలెట్టాను. బ్యాటరీ జోలికి వెళ్ళకుండానే.

నాకు నేను చెప్పుకున్న కారణాలు లాబ్ రికార్డులో రాసినంత చక్కగా ఉన్నాయి. తాళం తీసేశాను. ఫ్యాను మీట సున్నాలో ఉంది. నలభై ఏళ్ళు కరెంటుతో కాపురం చేసినవాణ్ణి, ఏది ముట్టుకోవాలో ఏది కూడదో నాకు తెలియదా? అత్తగారు షెడ్డులో కుర్చీ వేయించుకుని, తెరిచిన కారు తలుపు పక్కన కూర్చుంది. ఒళ్ళో ఫ్లాస్కు, చేతిలో టార్చి.

అర ఖాళీ చేశాను. పాత రసీదులు, కళ్ళజోడు గుడ్డ, గొంతు బిళ్ళల డబ్బా. పక్కలు నొక్కితే అర కిందికి వేలాడింది. సీటు మీద వెల్లకిలా పడుకుని, తల కిందికి దించి లోపలికి చూశాను.

"టార్చి కొంచెం ఎడమకి, అత్తయ్యగారూ."

"మీ ఎడమా, నా ఎడమా?"

"నాది."

"మీరు తలకిందులుగా ఉన్నారు. మీ ఎడమ ఎటో మీకైనా తెలుసా?"

సాకెట్టు కనిపించింది. సగం కరిగి, రెసిస్టరుకి అతుక్కుపోయింది. నాలుక నొక్కినా రాలేదు. స్క్రూడ్రైవరు మొన దూర్చి మెల్లగా పైకి లేపబోయాను. దాని పక్కనుంచే టేపు చుట్టిన వైరొకటి పోతోంది. టేపు వేడికి ఊడి వేలాడుతోంది. మొన జారింది.

చిటుక్కుమంది. కళ్ళ ముందు తెల్లగా మెరిసింది. ఎవడో ఏనాడో బ్యాటరీ నుంచి నేరుగా లాగి పెట్టిన వైరది, తాళంతో పనిలేకుండా బతికి ఉన్నది. నిప్పురవ్వలు రాలి, కాళ్ళ దగ్గరి పట్టా మీద నేను పరుచుకున్న నూనె గుడ్డకి అంటుకున్నాయి. గుడ్డని పట్టుకుని బయటికి, షెడ్డు గచ్చు మీదకి విసిరేశాను. అంతలోనే అత్తగారు లేచి నిలబడి, ఫ్లాస్కు మూత తిప్పి, మొత్తం దాని మీద కుమ్మరించేసింది. నాలుగు మంచుముక్కలూ గచ్చు మీద దొర్లుకుంటూ పోయాయి.

నేను వెనక్కి తిరిగి కారులోకి చూశాను. ఆకుపచ్చ అంకెలు వెలుగుతున్నాయి.

"హమ్మయ్య," అన్నాను.

ఆ మాట పైకే అన్నానని నాకు తర్వాత తెలిసింది. అత్తగారు నా చెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పింది. చూపుడువేలు చివర తెల్లగా బొబ్బ లేస్తోంది.

"వేలు కాలింది. దాన్ని చూసుకోరు, గడియారాన్ని చూసి హమ్మయ్య అంటారు," అంది. కింద పడిపోయిన టార్చి కోసం వంగింది.

గచ్చు మీద నీళ్ళు వాలు చూసుకుని మెల్లగా పారుతున్నాయి. గుక్క గుక్కకీ లెక్క చూసుకునే మనిషి ఆవిడ. ఆ రోజు నీళ్ళు ఆ రోజు పొద్దున్నే, ఏమీ ఆలోచించకుండా, చివరి చుక్క దాకా పారబోసింది. నేను ఆ నీళ్ళకేసి కాసేపు చూసి, మేకుకున్న స్పానరు తీసుకుని బానెట్ ఎత్తాను.

నట్టు బిగుసుకుపోయి ఉంది. రెండోసారికి కదిలింది. నల్ల వైరు పైకి లేపి, గుడ్డ చుట్టి, పక్కకి వంచి పెట్టాను. తిరిగొచ్చి చూస్తే అంకెలున్న చోట నల్లటి గాజుముక్క. అందులో షెడ్డు తలుపు వెలుగు ఒక గీతలా.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది అత్తగారు.

"పది నిమిషాలు ఊరికే కూర్చోవాలండీ."

"నాకు బాగా చేతనైన పనే." తన చేతి గడియారం కేసి చూసుకుంది. "నేను చెబుతాను ఎప్పుడైందో. మీ మీద నమ్మకం లేదు."

ఇంట్లోకెళ్ళి ఫ్లాస్కులో మళ్ళీ నీళ్ళు కొలిచి తెచ్చాను. "ఆ పోయినవి నా పొట్టలోకి పోలేదు, అవి లెక్కలోకి రావు," అని ముందే హెచ్చరించింది. నేను కారు గడప మీద కూర్చున్నాను. బొబ్బ సలుపుతోంది. ఇద్దరం ఆ నల్ల గాజుకేసి చూడకుండా చూస్తున్నాం.

"పదకొండు నిమిషాలండీ," అన్నాను చివరికి. "పది పెట్టొచ్చు కదా, పదకొండు పెట్టింది. ఎందుకో అడగడానికి లేకుండా పోయింది."

"ఎవరు, అమ్మాయా? పదకొండని ఎవరు చెప్పారు?"

"నేనే చూశాను. రేడియోతో సరిచూశాను."

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "ఐదు."

"కాదండీ..."

"ఐదే. వెనక సీట్లో నేనే ఉన్నాను. జడలోంచి పిన్ను తీసి, దాంతో నొక్కింది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టింది. ఐదు దగ్గర ఆపి, 'చాలంటావా అమ్మా?' అంది. 'మీ ఆయనకి పావుగంటైనా కావాలే' అన్నాను. 'వద్దులే, మరీ ఎక్కువైతే నిజంగానే ఆలస్యమైందనుకుని కంగారు పడతారు, పాపం' అంది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

నేను లేచి బానెట్ దాకా నడిచి, అక్కడ చేసే పనేమీ లేక తిరిగొచ్చాను.

వేడికి గడియారం నడక మారుతుంది. ఆ పాఠం నేను ఏటా చెప్పిందే. ఎండలో నిలబడే కారులో గడియారం ఏడాదికో నిమిషం ముందుకి జరగడంలో వింతేమీ లేదు. మా ఆవిడ ఐదు పెట్టి ఆరేళ్ళయింది. మిగతా ఆరూ ఎవరూ పెట్టినవి కావు. అది తనంతట తను, మేం చూడనప్పుడు, కదిలిపోతూనే ఉంది. ఆఖరి నిమిషమైతే పూర్తిగా ఆవిడ లేని రోజుల్లో పుట్టింది. దాన్ని పట్టుకునే నేను ఎర్రదీపం దగ్గర కథలల్లుకుంటూ కూర్చున్నది.

"ఏమిటాలోచిస్తున్నారు?" అంది.

"ఏం లేదండీ. ఒక పాఠం గుర్తొచ్చింది."

"పాపం అందా?" అని మళ్ళీ నేనే అడిగాను.

"అంది. ఎప్పుడూ అనేదిగా. లేవండి, పది నిమిషాలైంది."

కరెంటు లేని కారులో పని ఎంత నిమ్మళంగా సాగుతుందో! కరిగిన సాకెట్టుని అటూ ఇటూ కదుపుతూ, వైర్లు పట్టుకోకుండా, ఓపిగ్గా ఊడబెరికాను. రెండు స్క్రూలు తీసి అత్తగారి అరచేతిలో పెట్టాను. ఆవిడ గుప్పిట మూసింది. పాత ముక్క బయటికొచ్చింది. తీగచుట్ట ఒకటి నల్లగా తెగిపోయి ఉంది. ఊడిన వైరుకి కొత్త టేపు చుట్టాను. కొత్త ముక్క పెట్టాను, స్క్రూలు అడిగి తీసుకుని బిగించాను, సాకెట్టుని టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కాను. చివర్న బ్యాటరీ.

తాళం తిప్పి మీట ఒకటిలో పెట్టాను. సన్నగా గాలి. రెండు. మూడు. నాలుగు. అత్తగారు కుర్చీ వదిలి, లోపలికొచ్చి కూర్చుని, గడి మొహం వైపు తిప్పుకుంది. నుదుటి మీద తెల్ల వెంట్రుకలు లేచి ఎగిరాయి. చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఫ్లాస్కు ఒళ్ళో అలాగే ఉంది, మూతతో.

గడియారంలో పన్నెండు, రెండు సున్నాలు. వెలుగుతూ, ఆరుతూ.

"ఐదు పెట్టనా అండీ?" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరిచి గడియారాన్ని చూసింది, నన్ను చూసింది. ముడిలోంచి పిన్నొకటి లాగింది.

"దిగండి."

"మీకెందుకు శ్రమ, నేను..."

"దిగి అటు తిరగండి. గోడ వైపు."

దిగాను. షెడ్డు గోడకి మొహం పెట్టి నిలబడ్డాను, క్లాసులో శిక్ష పడ్డవాడిలాగా. టెస్టరుగాణ్ణి ఎన్నిసార్లు అలా నిలబెట్టానో గుర్తొచ్చింది. వెనక ఆవిడ లెక్కపెడుతోంది. మొదట గంటలు పైకే లెక్కపెట్టింది. తర్వాత గొంతు తగ్గింది. చివరికి పెదాల చప్పుడు మాత్రమే వినిపించింది. అదీ ఆగింది.

"ఎంత పెట్టారు?" అన్నాను గోడతోనే.

"చెప్పను," అంది.

* * *

మంగళవారం ఉదయం ఆవిడ నాకంటే ముందే వెళ్ళి కారులో కూర్చుంది. నేను ఫ్లాస్కు నింపి ఆవిడకిచ్చి, లోపలికొచ్చి చెప్పులు వేసుకున్నాను. కళ్ళజోడు గుర్తొచ్చింది. బల్ల మీద లేదు, కిటికీలో లేదు. మంచం కింద వెతుకుతున్నాను.

షెడ్డులోంచి హారన్ మోగింది.

ఏడాది దాటిపోయింది ఆ ఇంట్లో ఆ చప్పుడు విని. మంచం కింద వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. అత్తగారు పక్క సీట్లోంచి చెయ్యి చాపి కొట్టి ఉంటుంది. ఆవిడకి అంతదాకా అందుతుందనుకోలేదు. ఇంకోసారి మోగింది, ఈసారి పొడుగ్గా.

కళ్ళజోడు నా జేబులోనే ఉంది.

"వస్తున్నా!" అని అరిచి, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టేసి, పరుగెత్తాను.